ఎడమ మోచేయి

నాలుగింటికని కార్డులో వేశారు. ఇప్పుడు నాలుగూ పది, నా కుడిపక్క కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. స్టేజి మీద మొత్తం నాలుగు కుర్చీలు, ఆ చివర కోట్ల షాపు యజమాని, ఆయన పక్కన ఈ బడి ఇప్పటి హెడ్‌మాస్టరు, తర్వాత నేను, నా తర్వాత ఆ ఖాళీ. ఖాళీ కుర్చీలో ఎర్ర దిండు వేశారు, మా మూడింటికీ దిండ్లు లేవు. ముందున్న బల్ల మీద రిబ్బను కట్టిన అట్టపెట్టె, అందులో కొత్త కోటు, మూత మీద షాపు గుర్తు. నా వెనక గోడంతా కప్పేస్తూ గుడ్డ బ్యానరు, దాని మీద నా ముఖం. స్టేజి ఎక్కేటప్పుడు ఒక్కసారి చూశాను, మళ్ళీ చూడలేదు, ముక్కు ఒక్కటే తలుపంత ఉంది. పక్కన 'కనబడని సూది' అని రాసి ఉంది. అది నా పేరట. నాకు యాభై తొమ్మిదేళ్ళు, ఈ పేరు వచ్చి నలభై రోజులు. ముందు వరసలో నా కూతురు ఫోను పట్టుకుని నిలబడి ఉంది, కుర్చీ ఉన్నా కూర్చోదు. నావైపు చూసి రెండు వేళ్ళతో తన పెదాల చివరలు పైకి లాగి చూపించింది, నవ్వమని. నవ్వాను. ఆ ఖాళీ కుర్చీలో కూర్చోవాల్సిన ఆవిడ రాకపోతే బాగుండునని అనుకుంటూనే నవ్వాను. వస్తే నేనేం చెయ్యాలో ముందే చెప్పి ఉంచారు. లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళాలి, ఆవిడ పాత కోటు ఎడమ చెయ్యి తిరగేసి మోచేతి దగ్గర నా పనితనం అందరికీ చూపించాలి, అప్పుడు చప్పట్లు, అప్పుడు యజమాని పాత కోటు విప్పించి కొత్తది తొడుగుతాడు. "ఒక్క నిమిషం పని మాస్టారూ, వీడియోలో చేశారే, అదే, అంతే" అన్నాడు. అవును, వీడియోలో చేశాను. అంతే.

పైన ఫ్యాను తిరుగుతోంది. తిరిగేటప్పుడు మూడు రెక్కలూ కలిసిపోయి బూడిదరంగు పళ్ళెంలా ఉంది గాని, ఇందాక కరెంటు పోయి ఆగినప్పుడు చూశాను, ఒక్కో రెక్క మీదా దాత పేరు రాసి ఉంది. పేరు కనబడితే గాలి రాదు, గాలి వస్తే పేరు కనబడదు. ఆ దాత ఏది కోరుకుని రాయించాడో మరి. నేను రోజూ పొద్దున ప్రార్థనకి వెళ్ళే చోటా అంతే, మెట్ల మీద పేర్లు, బెంచీల మీద పేర్లు, గడియారం ముళ్ళ కింద కూడా ఒక కుటుంబం పేరు. అన్నిటికీ మూలమైనవాడి పేరు మాత్రం గోడల మీద వెతికితే దొరకదు, అది మన నోట్లో ఉంటేనే ఉన్నట్టు. నా చదువు ఎంతని, ఇలాంటివి అడిగేటంతటివాణ్ణి కాదు, కాని ఈ మధ్య అడుగుతున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా షాపు తలుపు తీసి, సూదిలోకి పోగు ఎక్కించేముందు కళ్ళు మూసుకుని నేను కోరుకున్నది ఒక్కటే, ఇవాళ్టి నా పని ఎవరికీ కనబడకుండా చూడు స్వామీ అని. నాది రఫూ పని. చిరిగిన చోట, పురుగు కొట్టిన చోట, నిప్పురవ్వ పడిన చోట అదే బట్ట అంచు మడతలోంచి పోగులు లాగి, సూదితో నిలువూ అడ్డం అల్లి, అక్కడేమీ జరగనట్టు చెయ్యడం. బయటి దారం ఒక్కటి కూడా వాడకూడదు. ఎంత రంగు కలిసినా బయటి దారం బయటిదే, ఎండలో పట్టిచ్చేస్తుంది. ఇది మా అమ్మ తమ్ముడి దగ్గర నేర్చుకున్నాను. మామయ్య మహా మాట పొదుపు మనిషి. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద వంగిన ఆయన మెడ, ఇవే నాకు గుర్తు. "బట్ట చిరిగిందని మన దగ్గరికి రార్రా వాళ్ళు. చిరిగిందని పక్కవాడికి తెలిసిపోతుందేమోనని వస్తారు" అని ఒకసారి అన్నాడు, సూది ఆపకుండానే. అందుకని ఆయన పుస్తకంలో పేర్లు రాయలేదు, నేనూ రాయలేదు. గుండీలు రాస్తాం. కొమ్ముగుండీల బూడిదరంగు. ఇత్తడి గుండీల గోధుమరంగు. ఒక గుండీ తక్కువ ఆకుపచ్చ. షాపులో ఇంకొకరు ఉండగా బట్ట తిరగెయ్యకూడదు. పైన ఎంత బాగా కలిసినా లోపలివైపు పని దాగదు, పోగుల కొసలన్నీ అక్కడ చిన్న గడ్డిచాపలా ఉండిపోతాయి. అది మనకీ బట్టకీ మధ్యే ఉండాలి.

నాలుగూ పదిహేను. హెడ్‌మాస్టరు ఆవలింత చెయ్యి అడ్డం పెట్టుకుని మింగాడు. కింద రెండొందల మంది దాకా ఉన్నారు, అంతా ఆవిడ దగ్గర చదివినవాళ్ళే, నెరిసిన జుట్టువాళ్ళు, చంకలో పిల్లలున్నవాళ్ళు. ఆవిడకి వేరే పేరు ఉండే ఉంటుంది, నాకు తెలియదు, ఊరంతా పెద్ద టీచరనే అంటారు. నా పుస్తకంలో మాత్రం 'నల్లకోటు, నీలం గుండీలు'. నల్ల గుండీలు ఒకటొకటే ఊడిపోయాక ఆవిడే ఎక్కడివో నీలంవి ఏడూ కుట్టుకున్నారు. ఇరవై ఏళ్ళుగా అదే కోటు. ప్రతిసారీ ఎడమ మోచెయ్యే. మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు, కుడిచేత్తో రాసే మనిషికి ఎడమ మోచెయ్యి ఎందుకు అరుగుతుందని. తర్వాత ఒకసారి ఆవిడే చెప్పారు, కుడిచేత్తో బోర్డు మీద రాస్తూ తప్పు పడితే డస్టరుకోసం చూడకుండా ఎడమ మోచేత్తో తుడిచేస్తారట. "పిల్లలు నా తప్పు చూసేలోపు చెరిపెయ్యాలి కదండీ" అన్నారు. నవ్వలేదు గాని నవ్వినట్టే ఉంది. ఆవిడ బోర్డు మీద రాస్తే చివరి బెంచీవాడికి కూడా కళ్ళద్దాలు లేకుండా కనబడేదని చెప్పుకుంటారు. రిటైరై పదేళ్ళైనా ఆ మోచెయ్యి అలవాటు పోలేదు కాబోలు, బల్లలు తుడుస్తారో, కిటికీలే తుడుస్తారో. షాపు మూసే వేళకి వచ్చేవారు, పాత పేపర్లో చుట్టిన పొట్లం బల్ల మీద పెట్టి నిలబడేవారు, ఏమిటని నేను అడగను, ఆవిడ చెప్పరు. మా పనిలో ఒక ముచ్చట ఉంది, పని అయ్యాక బట్ట చేతికిచ్చి 'చోటు వెతకండి' అంటాం, వాళ్ళు వేలితో తడుముకుంటూ వెతుకుతారు, దొరక్కపోతే వాళ్ళ ముఖంలో ఒక వెలుగు వస్తుంది, దాని కోసమే బతికామా అనిపిస్తుంది. ఆవిడ మాత్రం ఒక్కనాడూ వెతకలేదు. "వద్దండీ. ఒకసారి చూస్తే ఇంక రోజూ అక్కడే చూస్తాను" అని, మడత విప్పకుండానే తీసుకుపోయేవారు. అంత నమ్మకం. నా మీద దేవుడికి కూడా అంత ఉండి ఉండదు.

కూతురు మళ్ళీ నావైపు చూస్తోంది, నడుం నిటారుగా పెట్టమని చేత్తో సైగ. దాని ముఖంలో రక్తం తిరిగింది, ఆ ముఖం చూస్తే నేనేమీ అనలేను. పోయినేడు దాని ముఖం ఇలా లేదు. సబ్బులకీ బిస్కెట్లకీ ప్రచారపు మాటలు రాసే ఆఫీసులో ఆరేళ్ళు చేసింది, ఒక సోమవారం పన్నెండు మందిని పిలిచి ఇళ్ళకి పొమ్మన్నారు, అందులో ఇదొకటి. మూడు నెలలు గదిలోంచి రాలేదు. తలుపు దగ్గర పళ్ళెం పెడితే పెట్టినట్టే ఉండేది. వాళ్ళమ్మ తలుపుకి చెవి ఆనించి నిలబడేది, ఏడుపు వినిపిస్తే ఒక భయం, వినిపించకపోతే ఇంకో భయం. ఒకరోజు నా భోజనం డబ్బా తీసుకుని తనే షాపుకొచ్చింది, స్టూలు మీద కూర్చుని సాయంత్రందాకా గుమ్మంవైపు చూసింది. "నాన్నా, నిన్న ఎవరైనా వచ్చారా?" అంది. రాలేదన్నాను. "మొన్న?" మొన్న ఒకాయన వచ్చాడన్నాను. "ఏం తెచ్చాడు?" ఏమీ తేలేదు, జిరాక్సు షాపు ఎక్కడని అడిగి వెళ్ళాడు. అది నవ్వింది. మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది, ఇంకో నలుగురొచ్చి జిరాక్సు అడిగినా బాగుండుననిపించింది నాకు. అప్పుడే మొదలుపెట్టింది. "ప్రతి మనిషీ ఒక బ్రాండే నాన్నా. నిన్ను తలుచుకోగానే జనానికి ఒక్క మాట గుర్తురావాలి. ఆ మాటేదో మనం పెట్టకపోతే వాళ్ళే ఏదో ఒకటి పెట్టేస్తారు" అంది. "నన్ను తలుచుకుంటే వాళ్ళకి చిరుగు గుర్తొస్తుందమ్మా, అందుకే తలుచుకోరు" అన్నాను. అది నా మాట వినలేదు, స్టూలు మీంచి లేచి గోడలకేసి చూస్తోంది, ఏ గోడకి ఏ రంగు వెయ్యాలో అని. ఇంట్లో ఈ సంగతి చెబితే వాళ్ళమ్మ నన్ను కిందనుంచి పైకి చూసి, "చొక్కా గుండీ ఊడి నెలైంది, చేత్తో పట్టుకుని తిరుగుతున్నారు. ఈయన బ్రాండంట" అంది, అని తలుపువైపు చూసి గొంతు తగ్గించి, "పిల్ల ఏదడిగితే అది చెయ్యండి" అంది.

నిజానికి పిల్ల చెప్పింది తప్పని నేననలేను. షాపుకి బోర్డు లేదు, మామయ్య రోజుల నుంచీ లేదు. పని బాగుంటే నోటిమాటగా నలుగురికీ పాకుతుందని మిగతా వృత్తులవాళ్ళు ధైర్యంగా ఉంటారు. నా పని బాగుంటే మనిషి నోరు మూతపడుతుంది. నా దగ్గర చేయించుకున్న పెళ్ళికొడుకు ఆ కోటు తొడుక్కుని నా పక్కనుంచే పోతాడు, పలకరించడు, పలకరిస్తే నేనెవరో పక్కవాళ్ళు అడుగుతారు. ప్రార్థనలో నా ముందు వరసలో నా పనులు నాలుగైదు కూర్చుంటాయి, భుజాల మీద, జేబుల దగ్గర, నాకొక్కడికే తెలుసు, కళ్ళు మూసుకోవాల్సిన చోట కళ్ళు తెరిచి వాటిని చూసుకునేవాణ్ణి, అది గర్వమేనేమో అని భయపడి మళ్ళీ మూసుకునేవాణ్ణి. వాళ్ళంతా లేచి వెళ్ళిపోతారు. ఇప్పుడు బట్ట చిరిగితే పారేస్తున్నారు. అలా పారేసే కాలంలో, చేయించుకున్నవాళ్ళు కూడా చెప్పని పనిని ఎవరు వెతుక్కుంటూ వస్తారు? చెప్పుకోవాలి అంటుంది పిల్ల. ఎవరో ఒకరు చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి ఎవరి చిరుగు వాడుకోవాలన్నది దానికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. నాకెందుకు తట్టలేదు? నలభై రోజులుగా అదే అడుగుతున్నాను, ఈ స్టేజి మీద కూడా.

ఆ పొద్దున షాపులో ఉన్నది ఒక్కటే బట్ట, పని పూర్తయిన నల్లకోటు. కూతురు దీపాలు రెండు తెచ్చి అటూ ఇటూ పెట్టింది. ఫోనులో చూసుకుని పెదవి విరిచింది. "నాన్నా, ఇందులో చూడ్డానికేమీ లేదు" అంది. "అదేనమ్మా పని" అన్నాను. "అదే చిక్కు. ఏమీ లేనిదాన్ని ఎవరు చూస్తారు? ఎక్కడ చిరిగిందో నువ్వైనా చూపించు." అప్పుడు తిరగేశాను. నా చేత్తో నేనే. ఎవరూ బలవంతం చెయ్యలేదు, కోటు చెయ్యి లోపలికి నా చెయ్యి పెట్టి, కొస పట్టుకుని, కుందేలు తోలు తీసినట్టు తిరగేసి, మోచేతి దగ్గర గడ్డిచాపని దీపం ముందుకి తెచ్చాను. ముప్పై ఎనిమిదేళ్ళలో లోపలివైపు చూస్తామని ఎవరూ అడగలేదు. కట్టుకున్నది అడగలేదు, మామయ్య పోయాక తప్పు పట్టడానికైనా ఎవరూ అడగలేదు. ఒక మనిషి అడిగేసరికి, అదీ కన్నబిడ్డ, కళ్ళు ఇంతేసి చేసుకుని అడిగేసరికి, నాలో ఏదో ఆకలిగా లేచింది. ఏ పోగు ఎక్కణ్ణించి తెచ్చానో చెప్పాను. అంచు మడత అయిపోతే కాలరు కిందనుంచి, అదీ అయిపోతే లోపలి జేబు రెక్కనుంచి ఎలా తీశానో చెప్పాను. చెబుతూ చెబుతూ ఆ మాట కూడా అనేశాను. "ఈ మోచెయ్యి పదకొండుసార్లు చిరిగింది, పదకొండుసార్లూ నేనే అల్లాను." పేరు చెప్పలేదు. పేరు చెప్పలేదని ఎంత ధీమా నాకు. మనుషుల్ని గుండీలతో గుర్తుపట్టేవాణ్ణి, పుస్తకం నిండా గుండీలు రాసుకున్నవాణ్ణి, ఆ ఏడు నీలం గుండీలూ దీపం ముందు అలా మెరుస్తుంటే ఇంకొకరు కూడా గుర్తుపడతారని నాకు తోచలేదు. నా రహస్యపు భాష నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఆరోజు దీపాల ముందు కూర్చునేముందు నా ప్రార్థన కూడా మారింది, అది కూడా ఒప్పుకోవాలి. ఇవాళ నలుగురి కంటా పడేలా చూడు స్వామీ అన్నాను. విన్నాడు. ఇన్నేళ్ళు మొదటిది విన్నాడు, ఒక్కరోజు రెండోది విన్నాడు. రెండిట్లో ఏది వినకూడదో ఆయనకి తెలియదా? తెలిసి కూడా వింటాడా? ఆయన్ని అడగడం తేలిక, కోటు తిరగేసిన చెయ్యి నాది.

మూడోరోజుకే మొదలైంది. వీడియో కింద జనం రాస్తున్నారని కూతురు పరిగెత్తుకొచ్చింది, చదివి వినిపించింది, వేళ్ళు బంగారమని, ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా అని. నేను సూది పట్టుకున్నట్టే ఉన్నాను గాని కుట్టు సాగలేదు, ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి చదివించుకున్నాను. మధ్యాహ్నానికి ఒకరు రాశారు, ఈ గుండీలు మన పెద్ద టీచరువి కదూ అని. ఇంకొకరు, అవును, తొమ్మిదో తరగతిలో ఆ కోటు చెయ్యి నా బల్ల మీదే ఆనేది అని. ఆ కింద ఎవరో, పదకొండుసార్లా, పాపం. ఆ కింద పాపం. ఆ కింద ఇంకో పాపం. తెరని వేలితో ఎంత పైకి తోసినా పాపం అయిపోవడం లేదు. అందరూ మంచివాళ్ళే, ఒక్కడు వెక్కిరించలేదు, వెక్కిరించి ఉంటే ఆవిడ చాక్‌పీసు విసిరి ఉండేవారు. కోట్ల షాపు యజమాని కూడా ఆవిడ శిష్యుడేనట, కారు దిగి మా షాపు గుమ్మం దగ్గర వంగి లోపలికొచ్చాడు. "నేనూ ఆవిడ చేతి దెబ్బలు తిన్నవాణ్ణే మాస్టారూ" అంటూ అరచెయ్యి చూపించాడు, ఇంకా వాపు ఉన్నట్టు. మంచివాడు, కళ్ళల్లో నిజంగా నీళ్ళున్నాయి, ఆ నీళ్ళు తుడుచుకుంటూనే, "దీంట్లో ఎమోషన్ ఉంది మాస్టారూ. ఎమోషన్ ఉంటే కోటు దానంతటదే నడుస్తుంది" అన్నాడు. పాత విద్యార్థులందరూ కలిసి టీచరుకి కొత్త కోటు, అది వాళ్ళ షాపుది, స్టేజి మీద నేను, బ్యానరు మీద నేను. ఈ కార్యక్రమం బాగా జరిగితే షాపు ప్రచారమంతా అమ్మాయి చేతిలోనే పెడతానన్నాడు. కూతురు నా భుజం పట్టుకుంది. వద్దనడానికి నోరు తెరిచాను, ఆ నోట్లోంచి "సరే" అని వచ్చింది.

నాలుగూ ఇరవై ఐదు. "వస్తారంటారా?" అన్నాడు హెడ్‌మాస్టరు నా చెవిలో. ఏమో అన్నాను. ఏమో అనడం అబద్ధం కాదు, వస్తాననిగాని రాననిగాని ఆవిడ నాకు చెప్పలేదు. వీడియో పెట్టిన ఐదోరోజు వచ్చారు, మూసే వేళకి కాదు, పట్టపగలు, షాపులో ఇంకో ఇద్దరున్నప్పుడు. వీడియో చూసి వచ్చినవాళ్ళే వాళ్ళిద్దరూ. పొట్లం తీసి ఇచ్చాను. "ఆ వీడియోలో చేతులు మీవేనా?" అన్నారు. నావేనమ్మా అన్నాను. "వేళ్ళు బాగా పడ్డాయి" అన్నారు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి పొట్లం అక్కడే విప్పారు. వేలితో వెతకలేదు, చోటు వెతకండి అని నేనూ అనలేదు, తిన్నగా కోటు చెయ్యి తిరగేశారు, ఆ ఇద్దరి ముందే. గడ్డిచాప మీద పొర మీద పొర, పొర మీద పొర, దాన్ని బొటనవేలితో అలా తడిమారు, ఎవరి తలో నిమిరినట్టు. "పదకొండా. నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు" అన్నారు. అమ్మా, నాది తప్పే అని నా లోపల ఎవరో అన్నారు, పైకి నేను అన్నది, కూర్చోండమ్మా, టీ తెప్పిస్తాను అని. ఇంకోటి చెప్పాల్సింది కూడా ఉంది, ఆ కోటులో ఇంక తియ్యడానికి పోగుల్లేవని, ఈసారి చిరిగితే నా వల్ల కాదని. ఏడాదిగా దాచుకున్నాను ఆ మాట. అదీ చెప్పలేదు. చాటున చెప్పాల్సింది చెప్పలేకపోయినవాణ్ణి, చాటున ఉంచాల్సింది లోకానికంతా చెప్పాను. ఆవిడ టీ తాగలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "అమ్మాయిది మంచి గొంతు, వీడియోలో మధ్య మధ్య వినిపించింది" అన్నారు. అంతే, వెళ్ళిపోయారు.

గుమ్మం దగ్గర కదలిక. వెనక వరసలు లేస్తున్నాయి, కుర్చీలు నేల మీద గీరుకుంటున్నాయి, 'టీచరొచ్చారు, టీచరొచ్చారు' అని మాట వరస తర్వాత వరసకి ముందుకొస్తోంది, యాభై ఏళ్ళ మగవాళ్ళు గబగబా చొక్కాలు సర్దుకుంటున్నారు. వచ్చారు. అదే నల్లకోటు, అవే నీలం గుండీలు ఏడూ పెట్టుకుని, కుడిచేత్తో కర్ర, మడిచిన ఎడమచేతికి సంచీ తగిలించుకుని, నడిమి దారిలో మెల్లగా నడిచి వస్తున్నారు. ఆ మోచేతి దగ్గర తెల్లగా ఏదో ఉంది. చాక్‌పీసు పొడి అనుకున్నాను ముందు. ఇన్నేళ్ళ అలవాటు, ఎక్కడో ఏ బోర్డో తుడిచి ఉంటారు అనుకున్నాను, అనుకుంటే మనసుకి హాయిగా కూడా ఉంది, ఆ మరక ఎలా పోగొట్టాలో కూడా ఆలోచిస్తున్నాను. మెట్లు ఎక్కడానికి యజమాని చెయ్యి అందించాడు, ఆవిడ పట్టుకోలేదు. దగ్గరికొచ్చాక అది పొడి కాదని తెలిసింది. దారం. పరీక్ష పేపర్లు కట్టే లావు తెల్లదారం. నా అల్లికంతా, పదకొండు పొరలూ, చుట్టూ కత్తెర పెట్టి కత్తిరించి తీసేశారు. అక్కడ అరచేయంత నల్లగుడ్డ ముక్క వేసి, దాని చుట్టూ తెల్లదారంతో ఒక్కో కుట్టూ వేలి కణుపంత పొడుగున, వంకర లేకుండా, ఎక్కడా తొందర లేకుండా కుట్టారు.

దిండు తీసి కింద పెట్టి కూర్చున్నారు. ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద, నా వైపు ఆనించారు. 

"ఆలస్యమైందా?" అన్నారు.

"లేదమ్మా."

"సూదిలోకి దారం ఎక్కించడానికే అరగంట పట్టింది. మీ కళ్ళు కాదు కదా నావి." జనంవైపు చూస్తూనే అడిగారు, "కనిపిస్తోందా?"

"కనిపిస్తోందమ్మా."

"చివరి బెంచీకి?"

చూశాను. చివరి వరసలో ఒకాయన లేచి నిలబడి, పక్కావిడకి వేలితో చూపిస్తున్నాడు.

"కనిపిస్తోంది."

"అయితే ఇవాళ మీరు తిరగెయ్యక్కర్లేదు" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో, పిల్లవాడికి ఒక పూట సెలవిచ్చినట్టుంది. తర్వాత నావైపు చూడలేదు, క్లాసు సద్దుమణిగేదాకా ఆగే మనిషిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నారు.

యజమాని మైకు మీద రెండుసార్లు వేలితో కొట్టి, నా కొత్త పేరు పిలిచాడు. చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసలో నా కూతురు ఫోను ఎత్తింది, ఎత్తి, మళ్ళీ దించింది, దించి ఉత్త కళ్ళతో ఆ మోచేతి వైపు చూసింది, తర్వాత నావైపు చూసింది, నవ్వమని వేళ్ళు పెదాల దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఎర్రబడ్డ దాని ముఖం మెల్లగా ఆ మూడు నెలల ముఖం అవుతోంది. లేవాలి నేను. లేస్తే దానికి పని దొరుకుతుంది. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాను, చూపు ఆ కుట్ల మీదే ఉండిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళలో నా పని మీద ఒక్క ఫిర్యాదు రాలేదు, పట్టుకుని అడగడానికి ఎవరికీ ఏదీ కనబడేది కాదు. ఇవాళ వచ్చింది. నల్లటిదాని మీద తెల్లగా, చివరి బెంచీవాడు కూడా కళ్ళద్దాలు లేకుండా చదువుకునేటట్టు. చప్పట్లు అలిసిపోయి ఆగాయి. పైన ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. యజమాని గొంతు సవరించుకుని రెండోసారి పిలిచాడు. నేను కూర్చునే ఉన్నాను.